ఆరోగ్యశ్రీని ప్రైవేటు ఆసుపత్రులు ఎందుకు వదులుకోవు? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వం డబ్బు కట్టే ఆరోగ్య బీమా అయిన ఆరోగ్యశ్రీ గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ రెండు చోట్లే ఆగిపోతుంది. పేదల ప్రాణాలు నిలబెట్టిన పథకం అని కొందరు, కార్పొరేట్లకు ఖజానా దోచిపెట్టిన పథకం అని మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఆసుపత్రి యజమాని లెక్కల పుస్తకంలో ఈ పథకం ఏ వరుసలో ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పరు. చాలామంది అడుగుతున్న ప్రశ్నలకు నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఆరోగ్యశ్రీ పేదల కోసం పెట్టింది కదా, ఇందులో ఆసుపత్రుల లాభం ప్రసక్తి ఎందుకు వచ్చింది?

పథకం పుట్టిన తీరులోనే ఆ ప్రసక్తి ఉంది. గుండె జబ్బులకు, క్యాన్సర్‌కు సాయం చేయమని ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు కుప్పలుగా వచ్చేవి. ఒక్కో అర్జీ వెనుక పొలం తాకట్టు, పుస్తెలతాడు తాకట్టు ఉండేవి. స్వయంగా డాక్టరైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008కల్లా ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర వరకు, అవసరమైతే మరో యాభై వేలు.

అప్పుడు ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్ చేయగల విభాగాలు కట్టుకోవడం ఒకటి, అప్పటికే హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల నుంచి ఆ సేవను కొనుక్కోవడం రెండోది. రెండోదాన్నే ఎంచుకుంది. కొనేవాడు ఉన్నాడంటే అమ్మేవాడూ ఉంటాడు, అమ్మేవాడు లాభం చూసుకుంటాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బేరం ఎలా కుదిరింది, ఎవరు తనిఖీ చేస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు.

ప్యాకేజీ ధరలు, అంటే ఒక్కో చికిత్సకు పథకం కట్టే మొత్తాలు, గిట్టుబాటు కావని ఆసుపత్రులే అంటాయి. మరి నష్టానికి ఎవరైనా వైద్యం చేస్తారా?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు కొంచెం లెక్కతో ముడిపడి ఉంది, ఓపికగా చూద్దాం.

వంద పడకల ఆసుపత్రి ఒకటి ఊహించుకోండి. భవనానికి అద్దె, క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గది) కోసం బ్యాంకులో తెచ్చిన అప్పుకు వాయిదా, నర్సుల జీతాలు, ఆపరేషన్ థియేటర్ ఏసీకి కరెంటు బిల్లు ఇవన్నీ రోగి వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. సొంత డబ్బుతో వచ్చేవాళ్లు, ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు కలిసి అరవై పడకలు నింపుతున్నారు. మిగిలిన నలభై ఖాళీ. ఇప్పుడు ఒక ఆరోగ్యశ్రీ రోగి వచ్చాడు. నగదు రోగి దగ్గర రెండు లక్షలు వసూలయ్యే చికిత్సకు పథకం లక్షే ఇస్తుందనుకుందాం. ఆ ఒక్క రోగి కోసం ఆసుపత్రి కొత్తగా పెట్టే ఖర్చు ఎంత? స్టెంటు (గుండె రక్తనాళం మూసుకుపోకుండా వేసే గొట్టం), మందులు, భోజనం, డాక్టరుకు ఇచ్చే మొత్తం కలిపి అరవై వేలు అనుకుంటే, మిగతా నలభై వేలూ అద్దెకు, అప్పుకు, కరెంటు బిల్లుకు పోతాయి. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవే. నడిచే లెక్క మాత్రం ఇదే.

భవనం ఖర్చంతా ఆ రోగి తలమీద పంచి చూస్తే ప్యాకేజీ నష్టంలా కనిపిస్తుంది. ఖాళీ పడకతో పోల్చి చూస్తే లాభమే. చర్చలకు వెళ్లినప్పుడు ఆసుపత్రుల సంఘాలు మొదటి లెక్క చెబుతాయి, రోగిని చేర్చుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు రెండో లెక్క వేసుకుంటాయి. రెండూ అబద్ధం కాదు.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. పడకలన్నీ నగదు రోగులతో నిండిపోయే పెద్ద ఆసుపత్రికి ఈ పథకం మీద అంత మోజు ఉండదు. ఆరోగ్యశ్రీ రోగికి పడకలు లేవని చెప్పి, అదే రోజు నగదు రోగిని చేర్చుకున్నారన్న ఫిర్యాదులు ఎక్కువగా అలాంటి చోట్లనుంచే వస్తాయి. జిల్లా కేంద్రంలో యాభై, వంద పడకలతో నడిచే మధ్యతరహా ఆసుపత్రికి మాత్రం ఇది ఊపిరి. వాటిలో చాలావాటికి పథకం లేకపోతే నెల గడవదు.

డబ్బు కాక ఆసుపత్రులకు ఇంకేమైనా ప్రయోజనం ఉందా?

ఉంది. అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది ప్రైవేటు వైద్య కళాశాలల సంగతి. కళాశాలకు గుర్తింపు నిలవాలంటే దాని బోధనాసుపత్రిలో ఇన్ని పడకలు ఉండాలి, వాటిలో ఇంత శాతం రోగులతో నిండి ఉండాలి అని నియమాలున్నాయి. తనిఖీ బృందం వచ్చినప్పుడు వార్డు ఖాళీగా ఉంటే సీట్లకే ఎసరు. ఊరికి దూరంగా, రహదారి పక్కన కట్టిన కళాశాలకు నగదు రోగులు ఎక్కడినుంచి వస్తారు? ఆరోగ్యశ్రీ రోగి అక్కడ ప్యాకేజీ సొమ్ముతో పాటు పడక నింపినవాడుగా, విద్యార్థి నేర్చుకోవడానికి ఒక కేసుగా కూడా పనికొస్తాడు. ఫీజుల రూపంలో వచ్చే ఆదాయం ముందు ప్యాకేజీ సొమ్ము చిన్నది. అందుకే అలాంటి ఆసుపత్రులు ఊళ్లకు ఉచితంగా బస్సులు నడుపుతాయి.

పేరు కూడా ఆస్తే. నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ఆసుపత్రులు, గ్రామాల్లో ఉచిత ఆరోగ్య శిబిరాలు పెట్టాలన్నది పథకంలో మొదటినుంచీ ఉన్న షరతు. పంచాయతీ కార్యాలయం ముందు షామియానా, బల్ల మీద బీపీ యంత్రం, వెనక ఆసుపత్రి పేరు రాసిన పెద్ద బ్యానర్. జబ్బు ముందే పట్టుబడి బతికి బట్టకట్టినవాళ్లు ఆ శిబిరాలకు వచ్చినవాళ్లలో ఉన్నారు. ఆసుపత్రికి మాత్రం అది రోగులను వెతికి తెచ్చుకునే చోటు. ఒకే షామియానా కింద రెండూ జరుగుతాయి.

అవసరం లేని ఆపరేషన్లు చేస్తారన్నది నిజమేనా?

ప్రతి ఆపరేషన్‌కూ ఒక ధర కట్టి, మందులతో నయమయ్యేదానికి ధర కట్టకపోతే, కత్తి వైపు మొగ్గు ఏర్పడుతుంది. డాక్టర్లందరూ చెడ్డవాళ్లై ఉండనక్కర్లేదు, డబ్బు వచ్చే దారి అటువైపు వంగి ఉంటే చాలు.

గర్భసంచి తొలగింపు గురించి చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు పూర్తికాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో అన్నిటికంటే పైన ఉన్నవి మన రెండు రాష్ట్రాలే. ముప్పై అయిదేళ్లు నిండకుండానే గర్భసంచి పోగొట్టుకుని, ఆపైన నడుము నొప్పితో, ఎముకల నీరసంతో కూలికి వెళ్లలేక ఇంట్లో మాటలు పడే ఆడవాళ్లు మనకు తెలియనివాళ్లు కారు.

ఇదంతా ఆరోగ్యశ్రీ చేసిందనడం న్యాయం కాదు. పథకం రాకముందే చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఈ దందా ఉంది, సొంత డబ్బుతో చేయించుకున్నవీ చాలా ఉన్నాయి. "తెల్లబట్ట అవుతోంది, క్యాన్సర్ అవుతుందట" అన్న ఒక్క మాట భయపెట్టడానికి సరిపోయేది. కానీ పథకంలో ఈ ఆపరేషన్‌కు ధర కట్టాక ఆ భయానికి ప్రభుత్వ చెక్కు తోడైంది. చివరకు గర్భసంచి తొలగింపుతో సహా కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అప్పుడు ప్రైవేటు ఆసుపత్రులు ఎంత గట్టిగా అభ్యంతరం చెప్పాయో చూస్తే వాటి మద్దతు ఏ చికిత్సల చుట్టూ అల్లుకుని ఉందో అర్థమవుతుంది.

తనిఖీలు ఉంటాయి కదా? ముందస్తు అనుమతి లేకుండా ఆపరేషన్ చేయరు కదా?

అత్యవసరాల్లో ఫోను మీద ఇచ్చే అనుమతిని పక్కన పెడితే, నిజమే. రోగి పడక మీద ఉన్న ఫోటో, ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టు, డాక్టరు రాసిన నోట్సు అన్నీ ఆన్‌లైన్‌లో పెడితే, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతిస్తారు. మన దేశంలో ఇంత పకడ్బందీగా కంప్యూటర్ మీద నడిచిన తొలి ప్రభుత్వ వైద్య పథకాల్లో ఇది ఒకటి. ఇతర రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్నాయి.

అయితే కాగితం సరిగా ఉందా అని చూడటం వేరు, ఆపరేషన్ అవసరమా అని చూడటం వేరు. మొదటిది ట్రస్టు బాగానే చేయగలదు. రెండోది చేయాలంటే మరో డాక్టరు రోగి కడుపు మీద చెయ్యి వేసి చూడాలి. పైగా ఆధారాలే తప్పుడువైతే? 2018 సెప్టెంబరు 23న మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ మీద, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూడండి. ఒకే ఫోను నంబరు, అన్నీ తొమ్మిదులే ఉన్న నంబరు, దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారుల పేర్లకు జతై ఉంది. చనిపోయినట్టు నమోదైన రోగుల పేరు మీద ఆ తరువాత కూడా చికిత్స క్లెయిములు నడిచాయి.

బీమా కంపెనీలకు ఇందులో ఏమి లాభం?

ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ప్రీమియం తీసుకుని క్లెయిములు కట్టింది స్టార్ హెల్త్ కంపెనీ. ఒక్క సంతకంతో లక్షల కుటుంబాలు ఖాతాలో చేరతాయి. ఇంటింటికీ తిరిగే ఏజెంటు అక్కర్లేదు, ప్రీమియం ఎగ్గొట్టే ఖాతాదారు లేడు, ఏ జిల్లాలో ఏ జబ్బు ఎంత ఉందో సమాచారం ఉచితంగా చేతికి వస్తుంది. ఏ బీమా కంపెనీ కాదంటుంది? తరువాత ట్రస్టే నేరుగా కట్టడం మొదలుపెట్టింది, క్రమంగా బీమా కంపెనీ పక్కకు తప్పుకుంది.

ఆ అధ్యాయం ముగిసిందనుకుంటే మళ్లీ తెరుచుకుంది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. అందులో రెండున్నర లక్షల వరకు క్లెయిములు బీమా కంపెనీ కడుతుంది, ఆపై పాతిక లక్షల వరకు ట్రస్టు కడుతుంది. దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఎక్కువ సంఖ్యలో వచ్చే, ఖర్చు ముందే అంచనా వేయగల చిన్న, మధ్యరకం చికిత్సలు కంపెనీ వాటా. ఎప్పుడు వస్తాయో తెలియని భారీ ఖర్చులు ప్రభుత్వ వాటా. కంపెనీకి ఇంతకంటే అనువైన ఏర్పాటు దొరకదు. బకాయిలు తగ్గుతాయన్నది ప్రభుత్వం ఆశ. కంపెనీ లాభం క్లెయిము తిరస్కరించడంలో ఉంటుంది కాబట్టి, ఏ కారణంతో ఎన్ని తిరస్కరించిందో ప్రతి నెలా బయటపెట్టాలన్న షరతు ఒప్పందంలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

స్టెంట్లు, మందులు తయారుచేసేవాళ్ల సంగతి?

వాళ్లకు కావలసింది సంఖ్య. ప్రభుత్వ పథకం కింద ఒక్కో స్టెంటు మీద మిగిలేది తక్కువైనా అమ్ముడయ్యేవి వేలల్లో ఉంటాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టాక, మందు పూసిన స్టెంటు ధర ముప్పై వేల లోపుకు దిగింది. అంతకుముందు లక్షకు పైగా వసూలు చేసిన చోట్లున్నాయి. ఆ తేడా ఇన్నేళ్లూ ఎవరి జేబులోకి పోయిందో ఊహించడం కష్టం కాదు.

అంత లాభముంటే ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని ఎందుకు అంటాయి?

డబ్బు సమయానికి రాదు కాబట్టి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఇదే జరిగింది. సెప్టెంబరులో తెలంగాణ నెట్‌వర్క్ ఆసుపత్రులు వెయ్యి కోట్లకు పైగా బకాయిలున్నాయంటూ సేవలు ఆపాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం తమకు రూ.2,700 కోట్లు రావాలంటూ అదే బాట పట్టింది.

ఈ విషయంలో నేను ఆసుపత్రుల పక్షాన సగం దూరం నడుస్తాను. నిమ్మరసం బండివాడికైనా సాయంత్రానికి డబ్బు ఇవ్వాలి. చేసిన వైద్యానికి ఏడాది తరువాత చెల్లిస్తే చిన్న ఆసుపత్రి వడ్డీల కింద నలిగిపోతుంది. ఆ వడ్డీ ఎక్కడో ఒక చోట తిరిగి రావాలి. నాసిరకం దారం వాడటం, నర్సును తగ్గించడం, రోగి దగ్గర చీటీ లేకుండా అయిదు వేలు తీసుకోవడం, అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. బకాయి పెట్టిన ప్రభుత్వానికి ఆసుపత్రిని తనిఖీ చేసే నోరు కూడా ఉండదు. అప్పున్నవాడు గట్టిగా అడగలేడు.

మిగతా సగం దూరం నడవలేను. సమ్మె ప్రకటించిన ఏ సంఘమూ పథకాన్ని రద్దు చేయమని అడగలేదు, గమనించండి. బకాయిలు తీర్చండి, ప్యాకేజీలు పెంచండి అనే అడిగాయి. ఆ బేరంలో పణంగా నిలబడింది డయాలసిస్ గది బయట కూర్చున్న మనిషి.

పరిమితిని పది లక్షలకు, పాతిక లక్షలకు పెంచారు. అది ఆసుపత్రులకు లాభమా, మనకు లాభమా?

2023 డిసెంబరులో తెలంగాణ అయిదు లక్షల నుంచి పదికి, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి. క్యాన్సర్‌తో, అవయవ మార్పిడితో పోరాడే కొద్ది కుటుంబాలకు అది నిజంగా కొండంత అండ. మిగతా అందరికీ పెద్దగా తేడా లేదు, ఎందుకంటే చాలా చికిత్సల ప్యాకేజీ రెండు లక్షలు కూడా దాటదు. గోడ మీద రాయడానికి పాతిక లక్షలు బాగుంటుంది. ఆసుపత్రి గుమాస్తా మాత్రం ఆ అంకె వైపు కూడా చూడడు. పిత్తాశయం ఆపరేషన్‌కు ఎంత ఇస్తున్నారు, ఎన్ని నెలలకు ఇస్తున్నారు అన్నవే అతనికి కావాలి.

ప్రభుత్వ ఆసుపత్రికి దీనివల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా?

పథకం ప్రభుత్వ ఆసుపత్రులకూ వర్తిస్తుంది, అక్కడ చేసిన చికిత్స సొమ్ములో కొంత వైద్య బృందానికి ప్రోత్సాహకంగా ఇస్తారు. ఆ డబ్బుతో పరికరాలు కొనుక్కున్న పెద్దాసుపత్రులు ఉన్నాయి. కానీ తొలి ఏళ్లలో సొమ్ములో సింహభాగం ప్రైవేటుకే వెళ్లింది. మంచి సర్జన్లూ అటే వెళ్లారు. అన్నిటికంటే బాధ కలిగించేది మరొకటి. మన ఇళ్లలో డబ్బు ఊడ్చుకుపోయేది రోజూ వేసుకునే షుగరు మాత్రలకు, బీపీ మాత్రలకు, వారం రోజుల జ్వరానికి, రక్తపరీక్షలకు. అవి చాలావరకు పథకం బయటే ఉంటాయి. బీపీని పదేళ్లు పట్టించుకోకుండా వదిలేసి, మూత్రపిండాలు పాడయ్యాక డయాలసిస్‌కు ప్యాకేజీ కట్టడం ఏ వైద్య నీతి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్ర ఇస్తే లాభపడే కంపెనీ ఏదీ లేదు, అందుకే దానికోసం ఏ సంఘమూ సమ్మె చేయదు.

ఇది మన దగ్గరే ఇలా ఉందా?

లేదు. అమెరికాలో 2009లో ఒబామా ఆరోగ్య చట్టం తయారవుతున్నప్పుడు మందుల కంపెనీల సంఘం పదేళ్లలో 8,000 కోట్ల డాలర్లు వదులుకుంటామని ఒప్పుకుని మద్దతిచ్చింది. ఆసుపత్రుల సంఘాలు 15,500 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. అంత ఎందుకు వదులుకున్నారంటే, బీమా లేని కోట్ల మంది బీమాతో వస్తే అంతకంటే ఎక్కువ తిరిగి వస్తుందని. అక్కడ బేరం తలుపుల వెనకే కుదిరినా, అంకెలు పత్రికల్లో వచ్చాయి. మన దగ్గర ప్యాకేజీ ధర ఎలా నిర్ణయమైందో మామూలు మనిషి తెలుసుకునే దారి లేదు.

అయితే పథకం తీసేయాలంటారా?

వద్దు. ముమ్మాటికీ వద్దు. ఇది రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ప్రభుత్వాలు పేరు మార్చాయి గానీ పథకాన్ని తాకలేకపోయాయి. గుండెలో రంధ్రంతో పుట్టి ఈ కార్డుతో ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. నేను అడిగేది ధరలు నిర్ణయించే పద్ధతి బహిరంగంగా ఉండాలని, నెలలోపు చెల్లించాలని, తప్పు చేసిన ఆసుపత్రి పేరు తొలగిస్తే అది మరో పేరుతో తిరిగి రాకుండా చూడాలని.

ఆసుపత్రిలో అదనంగా డబ్బు అడిగితే ఏమి చేయాలి?

మా పెదనాన్నకు గుండెపోటు వచ్చినప్పుడు జరిగింది చెబుతాను. ఆసుపత్రి పేరు వద్దు. పెద్దమ్మను ఒక చిన్న గదిలోకి పిలిచి, "పథకంలో వచ్చే స్టెంటు మామూలుది అమ్మా, మంచిది కావాలంటే నలభై వేలు కట్టండి" అన్నారు. ఆమె మారు మాట్లాడకుండా చెవి కమ్మలు తీయడం మొదలుపెట్టింది. పథకం కౌంటరు దగ్గర ఉండి రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర, ఇరవై అయిదేళ్లు కూడా ఉండవేమో, ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "పెద్దమ్మా, ఒక్క రూపాయి కట్టొద్దు. మీకు రాసిన స్టెంటు మంచిదే. కట్టమన్నవాళ్లను కాగితం మీద రాసి ఇమ్మనండి" అంది. కాగితం అడగగానే ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కాబట్టి ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ఎవరు ఎంత అడిగారో, ఎందుకు అడిగారో రాతపూర్వకంగా ఇమ్మనండి. అప్పటికే కట్టి ఉంటే రసీదు, బయట కొనిపించిన మందుల చీటీలు, చేరిన రోజు, డిశ్చార్జి కాగితం దాచిపెట్టి 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కేంద్ర పథకం కార్డైతే 14555. ఫిర్యాదు నంబరు రాసుకోవడం మరిచిపోవద్దు. డిశ్చార్జి తరువాత పది రోజులకు సరిపడా మందులు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి, అవి చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.